కోత పండుగ వేలంలో అంబాసిడర్ హెడ్డు

పాత ఇంజన్ సామాను ముందు కూర్చుంటే నాకు ఆకలి గుర్తుకురాదు. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న పెట్టిన కొట్టు ఇప్పుడు నాది. చుట్టుపక్కల కొత్త కార్ల సామాను అమ్మేవాళ్ళకి ఏసీలూ అద్దాల తలుపులూ వచ్చాయి గానీ మాది ఇప్పటికీ రేకుల కప్పే. నేలంతా ఆయిల్ మరకలు, వాటి మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఆ కుర్చీలో నేను. అంబాసిడర్లు, పాత జీపులు, ఇప్పుడు బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే జనం ఫోన్లు తీసి ఫొటోలు తీసుకునే బండ్లన్నిటి కడుపులో ఉండేవి మా దగ్గర దొరుకుతాయి. గోనెసంచిలో ఏదో చుట్టుకొచ్చి నా ముందు దించి, "దీనికెంతొస్తుందండీ?" అంటారు. ఆ ప్రశ్న వినడం నాకు ఎంతో ఇష్టం.

ధర కట్టడం మా నాన్న నేర్పిన విద్య. క్రాంక్ షాఫ్ట్ తెచ్చారనుకోండి, దాన్ని ఇదివరకు ఎన్నిసార్లు సానబట్టించారో చూస్తాను. అరిగినప్పుడల్లా కాస్త కాస్త సానబట్టించి వాడుకుంటారు. ఒక హద్దు దాటాక పట్టడానికి ఇనుము మిగలదు. దానిలో ఇంకా ఎంత ఓపిక మిగిలుందో అంతే దాని ధర. సిలిండరైతే లోపలి అంచు మీద గోరు పెట్టి లాగుతాను. గోరు తట్టుకుందంటే అరిగినట్టే. హెడ్డంటే ఇంజన్ నెత్తిన మూతలా కూర్చునే బరువైన ఇనుప దిమ్మ. దాన్ని స్పానర్‌తో మెల్లిగా కొట్టి వింటాను. బాగున్నది ఖంగుమంటుంది, పగిలింది మూగగా పలుకుతుంది. అనుమానముంటే ఒకవైపు కిరసనాయిలు పోసి, రెండోవైపు సుద్ద రాసి, టీ తాగి వచ్చి చూస్తాను. వెంట్రుకంత పగులున్నా సుద్ద మీద తడి గీత తేలుతుంది. అంతా అయ్యాక ఒకే ఒక్క ధర చెబుతాను. చెప్పాక అది పెరగదు, తరగదు. బేరమాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట.

నా ఖర్మకొద్దీ పక్క కొట్టాయన బేరం కోసమే పుట్టాడు. దివిసీమ వైపు రైతు కుటుంబం వాళ్ళది. ఆయన వ్యవసాయం వదిలి ఇనుములోకి వచ్చాడు. అసలు ధరకి మూడింతలు చెప్పి, టీ తెప్పించి, వచ్చినవాళ్ళ ఊరూ పిల్లలూ కనుక్కుని, నవ్వుతూ నవ్వుతూ ఒక్కో మెట్టూ దిగి, చివరికి నేను చెప్పిన ధర దగ్గరే ఆగుతాడు. ఆ మాత్రానికి అంత తతంగమెందుకో నాకర్థం కాదు.

"మందుల షాపులోలాగా ఒకటే రేటు చెప్తావేంటి చెల్లెమ్మా? మనిషన్నాక కాస్త బేరమాడాలి. నాతో ఒక్కసారి బేరమాడు, చూసి సంతోషిస్తాను," అనేవాడు.

"మీకు పనిలేకపోతే కూర్చుని ఈగలు తోలుకోండి అన్నయ్యగారూ," అనేదాన్ని.

మొన్నటి కోత పండుగకి ముందు మా పిన్ని నుంచి ఫోను వచ్చింది. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోతే, చల్లపల్లి దగ్గర ఊళ్ళో నన్ను పెంచింది పిన్నే. నర్సు ఉద్యోగం చేసి నన్నూ, తన ఇద్దరు తమ్ముళ్ళనీ చదివించింది. పెళ్ళి మాటెత్తితే, "ముందు వీళ్ళ సంగతి చూడనీ," అనేది. మా అందరి సంగతీ చూసేసరికి తల నెరిసింది. ఇప్పుడు, రిటైరయ్యాక, అదే ఊళ్ళో ఉండే లెక్కల మాస్టారు ఆవిడని పెళ్ళాడతానన్నారు. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. ప్రతి శనివారం బీపీ చూపించుకోవడానికి పిన్ని ఇంటికి వచ్చేవారట. బీపీ ఎప్పుడూ బాగానే ఉండేదట. పిన్నే చివరికి, "మాస్టారూ, మీకు రోగం లేదు, అసలు విషయం చెప్పండి," అందట. ఈ సంగతి తెలిసిన రోజు నేను కొట్లో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను, తర్వాత కాస్త ఏడ్చాను కూడా.

పిన్ని పెట్టిన షరతు ఒక్కటే. పెళ్ళికి తన అంబాసిడర్లోనే, తనే నడుపుకుంటూ గుడికి, అంటే ఆ ఊరి చర్చికి, వెళ్ళాలి. ఆ కారు ఆవిడ ఒక డాక్టరుగారి దగ్గర పాతది కొన్నది. ఇంజన్ చూసి ధర కట్టింది మా నాన్నే, కరకట్ట మీద డ్రైవింగ్ నేర్పింది కూడా మా నాన్నే. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళని ఆ కార్లో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళేది పిన్ని. అందులోనే పుట్టినవాళ్ళు కూడా ఆ ఊళ్ళో ఉన్నారు. మాస్టారుగారికి సైకిలు తప్ప ఏదీ రాదు.

"కారు పొగలు కక్కుతుందే. ఆయిల్ పుల్ల తీసి చూస్తే పాలు పోసిన టీలా ఉంది," అంది ఫోన్లో.

ఆ మాటతోనే నాకు అర్థమైపోయింది, హెడ్డు పగిలి నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయి. వెళ్ళి విప్పి చూస్తే వాల్వుల మధ్య నిలువునా పగులు.

"అతుకేయిస్తే గుడిదాకా వెళ్తుంది పిన్నీ, తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను," అన్నాను.

"పెళ్ళి చేసుకుని గుళ్ళోనే కాపురం పెట్టమంటావా?" అంది.

ఆ పాత మోడల్ హెడ్డు కోసం నేను తిరగని చోటు లేదు. ఆటోనగర్లో ఉన్నవన్నీ కొట్టి చూశాను, అన్నీ మూగవే. ఇబ్రహీంపట్నం వైపు పాత సామాను గోదాముల్లో దుమ్ము తిని వచ్చాను. పక్క కొట్టాయన తనకి తెలిసిన ఊళ్ళన్నిటికీ ఫోన్లు చేశాడు. ఎక్కడా లేదు. పెళ్ళి దగ్గరపడుతోంది. ఒక రోజు పిన్ని, "పోన్లేవే, ఆటోలో వెళ్తాను," అంది. అంత తేలిగ్గా వదిలేసుకోవడం ఆవిడకి బాగా అలవాటు.

మర్నాడే మళ్ళీ ఫోను. "ఈ ఆదివారం మన గుళ్ళో కోత పండుగ. వేలానికి ఎవరో ఇనుప దిమ్మ పెట్టారే. అచ్చం నువ్వు నా కార్లోంచి తీసినదాన్లాగే ఉంది," అంది. ఊళ్ళో మెకానిక్ షెడ్డు పెట్టుకున్న ఒకాయన, అంబాసిడర్లు రాక షెడ్డు మూసేసి రొయ్యల చెరువుల ఇంజన్లు చూసుకుంటున్నాడు. షెడ్డులో మిగిలిన దాంట్లో మంచిది ఏరి, కడిగి, గుమ్మడికాయల పక్కన పెట్టాడట. ఎవరో నవ్వితే, "నా పంట ఇదేనండీ," అన్నాడట.

ఇక్కడ మా కోత పండుగ గురించి చెప్పాలి. ఆ రోజు ఎవరి పంటలోంచి వాళ్ళు కొంత తెచ్చి గుళ్ళో అర్పిస్తారు. ఆరాధన అయ్యాక అన్నిటినీ ఆవరణలో వేలం వేస్తారు. వచ్చిన డబ్బు గుడికి. ఆ వేలంలో ధరలకి బుద్ధీజ్ఞానం ఉండవు. గుడ్డు కోడి ధర పలుకుతుంది, కోడి మేక ధర పలుకుతుంది. పాడుకున్నవాళ్ళని అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఒకటే అడుగుతారు: "తీసుకెళ్తారా, మళ్ళీ పాటకి పెట్టమంటారా?" డబ్బు కట్టేసి, వస్తువు వదిలేసి, "మళ్ళీ పెట్టండయ్యగారూ" అనడం మర్యాద. అందరూ చప్పట్లు కొడతారు, అదే వస్తువుకి మళ్ళీ వేలం మొదలవుతుంది. ఒకసారి వదిలేసినవాళ్ళు దానికి మళ్ళీ పాడకూడదు. చివరికి బాగా అవసరమున్నవాళ్ళెవరో తీసుకెళ్తారు, అందులో తప్పేమీ లేదు. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఎన్నడూ ఏదీ తీసుకెళ్ళలేదు. నా చిన్నప్పుడు పిన్ని ఒక కుందేలు పిల్లని పాడుకుంది. నేను ఒళ్ళోకి తీసుకునేలోపే "మళ్ళీ పెట్టండయ్యగారూ" అంది. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు ఊరంతా విన్నది.

ఆదివారం పక్క కొట్టాయన తన ట్రాలీ ఆటో తీశాడు. "హెడ్డు మొయ్యడానికి మనిషి కావాలి గదా. అదీగాక మీ గుళ్ళో భోజనం బాగుంటుందంట," అన్నాడు. ఉయ్యూరు దాటేదాకా చెరుకు లారీల వెనకే పాక్కుంటూ వెళ్ళాం. మేం చేరేసరికి ఆరాధన ముగిసి జనం ఆవరణలోకి వస్తున్నారు. అరటిగెలలు, బియ్యం బస్తాలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, వాటి మధ్య ఒక తెల్లగుడ్డ మీద హెడ్డు.

నేను పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని కింద కూర్చున్నాను. స్పానర్ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది. కొట్టాను. ఖంగుమంది. నా గుండె కూడా ఆ చప్పుడుకి ఎగిరింది. అయినా పిన్ని బండికి పెట్టేది కాబట్టి చెవిని ఒక్కదాన్నే నమ్మలేదు. వెంట తెచ్చుకున్న సీసాలోంచి కిరసనాయిలు పోసి, సండేస్కూల్ బోర్డు దగ్గర సుద్దముక్క అడిగి తెచ్చి రాశాను. ఈసారి టీకి వెళ్ళకుండా కోళ్ళ పక్కనే కాపలా కూర్చున్నాను. సుద్ద పొడిగానే ఉంది. ఎక్కడా తడి గీత లేదు.

అప్పుడే అయ్యగారు నా దగ్గరికి వచ్చారు. "అమ్మా, దీనికి ఎక్కడ మొదలుపెట్టాలో మాకెవరికీ తెలీదు. మీ వృత్తి ఇదే కదా, ధర మీరే చెప్పండి," అన్నారు మైకు నా నోటి దగ్గర పెట్టి.

తెలివైనదాన్నైతే తక్కువ చెప్పి ఊరుకునేదాన్ని. కానీ కాస్త దూరంలో ఆ మెకానిక్ చేతులు కట్టుకుని నిలబడి నా వంకే చూస్తున్నాడు. అతని పంటని చూసి నవ్వినవాళ్ళు కూడా చుట్టూ ఉన్నారు. ఉన్న ధర ఉన్నట్టు, మైకులో, గట్టిగా చెప్పేశాను. ఇలాంటివి ఇప్పుడు వెతికినా దొరకవని కూడా చెప్పాను. జనం "అబ్బో!" అన్నారు. మెకానిక్ మొహం వెలిగిపోయింది. ఆడవాళ్ళ చాపల మీద కూర్చున్న పిన్ని మాత్రం, "నోరు కాస్త మూసుకోవే," అన్నట్టు పెదవుల మీద వేలు పెట్టింది.

అప్పటికే ఆలస్యమైపోయింది. అంత విలువైనదని తెలిశాక ఊరుకుంటారా? రొయ్యల చెరువులాయన పాడాడు, నా ధర దాటించాడు, "మళ్ళీ పెట్టండయ్యగారూ" అన్నాడు. చప్పట్లు. పంచాయతీ ఆఫీసు గుమాస్తా పాడాడు, వదిలేశాడు. సండేస్కూలు టీచరు కూడా పాడి వదిలేసింది. హెడ్డంటే ఏమిటో ఆ అమ్మాయికి ఇప్పటికీ తెలియదు. పాట పాటకీ ధర కొండెక్కుతోంది. కట్టిన ధరకి మించి ఒక్క రూపాయి పెట్టి నేను జీవితంలో ఏదీ కొనలేదు. ఒళ్ళు మండిపోతోంది. పిన్ని వైపు చూశాను. చాప పక్కన నిలబడి మాస్టారుగారు ఆవిడకి విసనకర్రతో విసురుతున్నారు. ఇంక ఆగలేకపోయాను. చెయ్యెత్తి, నా ధరకి రెండింతలు పాడాను. ఎవరూ దాన్ని దాటించలేదు. అయ్యగారు కర్రతో హెడ్డు మీద కొడుతూ ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నారు. హెడ్డు నాదైంది.

ఆవరణంతా చప్పట్లు. నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగినవాళ్ళు, నా ముక్కు తుడిచినవాళ్ళు, అందరూ నవ్వుతూ నా వైపే చూస్తున్నారు. అయ్యగారు ఆప్యాయంగా అడిగారు: "తీసుకెళ్తారా అమ్మా, మళ్ళీ పాటకి పెట్టమంటారా?"

"మళ్ళీ పెట్టండయ్యగారూ," అన్నాను.

అనేశాక గానీ ఏమన్నానో తెలియలేదు. చిన్నప్పట్నుంచీ విని విని నోటికి అంటుకుపోయిన మాట, ఎవరో నా లోపల్నుంచి అన్నట్టు బయటికొచ్చేసింది. పిన్ని చేత్తో నెత్తి కొట్టుకుంది. నేను నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను. మళ్ళీ పాడడానికి లేదు. అరటికాయల వ్యాపారి అప్పుడే చెయ్యెత్తి నా పాటకంటే ఎక్కువ పాడాడు. ఆయన కొబ్బరిబోండాం వేలంలో కూడా పంతం పట్టి పాడే మనిషి.

"అదేంటండీ, అంతా? మరీ అన్యాయం! ఇంకాస్త తగ్గించండి, నేను తీసుకుంటాను," అని వెనకనుంచి ఒక గొంతు.

పక్క కొట్టాయన. చేతిలో భోజనం విస్తరి ఉంది. వేలంలో ధర పెంచాలని ఆయనకి తెలియదని నేననుకోను. కానీ ఎంత ప్రయత్నించినా ఆ నోటికి పెంచడం చేతకాదు. అరటికాయల వ్యాపారి ఒక ధర చెబితే ఈయన అంతకంటే తక్కువ చెబుతాడు. "బాబుగారూ, మీరూ నేనూ ఎప్పుడూ మొహాలు చూసుకోవాల్సినవాళ్ళం. పోనీ మీ మాటా నా మాటా కాకుండా మధ్యలో కుదుర్చుకుందాం," అంటాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అయ్యగారికి నవ్వు ఆగక మైకు పక్కవాళ్ళకిచ్చారు. అరటికాయల వ్యాపారి కళ్ళు తుడుచుకుంటూ, "నావల్ల కాదు, ఆయనకిచ్చెయ్యండి," అని కూర్చున్నాడు. ఆ పూట, చరిత్రలో మొదటిసారి, మా గుడి వేలంలో ఒక వస్తువు తగ్గు ధరకి పోయింది. అది నేను మైకులో చెప్పిన ధరే.

అయ్యగారు ఊపిరి తీసుకుని అడిగారు: "తీసుకెళ్తారా అండీ, మళ్ళీ పాటకి పెట్టమంటారా?"

అందరూ నవ్వు మొహాలతో ఆయన జవాబు కోసం చప్పట్లకి చేతులెత్తి ఉన్నారు. పొగిడితే కొట్టు రాసిచ్చే మనిషి ఆయన.

"తీసుకెళ్ళకపోతే ఎందుక్కొన్నానండీ?" అని, విస్తరి పక్కవాళ్ళ చేతిలో పెట్టి, హెడ్డెత్తి భుజాన పెట్టుకున్నాడు.

ముందు పిన్ని చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. మెకానిక్ పరుగెత్తుకొచ్చి రెండోవైపు పట్టుకున్నాడు.

ట్రాలీ దగ్గర నేను డబ్బు తియ్యబోతే, "ఇప్పుడిది నా సరుకు," అన్నాడు పక్క కొట్టాయన. అని, దానికి మూడింతలు చెప్పాడు. నాకు మొదట కోపం ముంచుకొచ్చింది. తర్వాత ఆయన మొహం చూసి అర్థమైంది. నేను బేరమాడతానేమోనని, పండగ మిఠాయి కోసం ఎదురుచూసే పిల్లాడిలా ఉన్నాడు.

"అంతిస్తారా ఎవరన్నా? పగటి దోపిడీ!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఆహా! ఇంకోసారి అను చెల్లెమ్మా!"

ఇద్దరం ఆ ఎండలో నిలబడి తనివితీరా బేరమాడుకున్నాం. ఆయన తన పిల్లల చదువులు ఎత్తుకున్నాడు, నేను నా నడుంనొప్పి ఎత్తుకున్నాను. కొసకి ఆయన గుడికి చెల్లించిన ధర దగ్గరే ఆగాం. ఇంత సరదాగా ఉంటుందని ముందే తెలిస్తే ఎప్పుడో ఆడేదాన్ని, కానీ ఆ సంగతి ఆయనతో చెప్పలేదు.

హెడ్డుని చదును చేయించి, వాల్వులు రుద్ది, మెకానికే పిన్ని వాకిట్లో బిగించాడు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పిన్నీ, మెకానిక్కూ, నేనూ బానెట్ మీదికి వంగి విన్నాం. కుట్టుమిషన్‌లా ఆడింది.

పెళ్ళి రోజు పిన్ని తెల్లచీర కట్టుకుని, కళ్ళజోడు సరిచేసుకుని, తనే నడుపుకుంటూ గుడి గేటులోంచి లోపలికి వచ్చింది. హారన్ కొట్టాల్సిన అవసరం లేకపోయినా కొట్టింది. నేను వెనక సీట్లో పూలబుట్టతో కూర్చుని పెళ్ళికూతురిలా సిగ్గుపడ్డాను, ఆవిడకి ఆ తీరికే లేదు. ప్రమాణాలయ్యాయి, ప్రార్థన అయింది, బిరియానీ అయింది. సాయంత్రం మాస్టారుగారు ముందు సీట్లో, పిన్ని పక్కన, ఒళ్ళో చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. ఊరంతా కారు చుట్టూ మూగింది.

అయ్యగారు పిన్ని వైపు కిటికీలోకి వంగి, మాస్టారుగారిని చూపిస్తూ, గంభీరంగా అడిగారు: "ఏమమ్మా, తీసుకెళ్తారా, మళ్ళీ పాటకి పెట్టమంటారా?"

జనం గొల్లుమన్నారు. మాస్టారుగారు నిజంగానే కంగారుపడి పిన్ని మొహంలోకి చూశారు. పిన్ని నవ్వలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఒక్క క్షణం ఎదురుగా చూసింది. నాకు ఆ కుందేలు పిల్ల గుర్తొచ్చింది.

"తీసుకెళ్తానయ్యగారూ. నాకే కావాలి," అంది. గేరు వేసి, కారు కదిలించింది.